నాలుగో కంప్యూటర్

టేపులో మొదట మోడెం అరుపు వినిపించింది. సన్నగా మొదలై, గరగరలాడి, రెండు యంత్రాలు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు సాగి, చివరికి ఉస్సుమని సర్దుకుంది. ఆ ఉస్సుమనే చప్పుడు చాలాసేపు సాగింది. తర్వాత ఎవరో మనిషి గొంతు సవరించుకున్నాడు. తర్వాత తుపాకీ పేలింది. ఏదో బరువైనది ఎత్తు నుంచి పడింది.

మోడెం మాత్రం ఉస్సుమంటూనే ఉంది.

చీఫ్ టేప్‌రికార్డర్ ఆపాడు.

"బుధ్రా. బస్తర్ గనుల ఊరు బచేలీలో టెలిఫోన్ లైన్‌మన్. మన మనిషి. స్తంభమెక్కి అక్కడొక బంగళా లైనుకి టేపు తగిలించాడు. స్తంభం మీదే కాల్చేశారు. జారిపడి చనిపోయాడని కాగితాల్లో రాశారు. వీపులో బుల్లెట్ సంగతి రాయలేదు."

నీలకంఠం రికార్డర్‌లోంచి టేపు బయటికి తీశాడు. లైనుకి టేపు తగిలించడం బుధ్రాకి నేర్పింది తనే. ఒకసారి వాళ్ళింట్లో అన్నం తిన్నాడు కూడా. బుధ్రా భార్య, ఈయన ఫోన్లు బాగుచేసే పెద్దసారు అనుకుని, ఇంట్లో ఉన్న ఒక్క కోడినీ కోసి పెట్టింది.

విశాఖపట్నం హార్బర్ పక్కన ఒక షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసు. దాని పై అంతస్తులో, బోర్డు లేని గదిలో కూర్చున్నారు ఇద్దరూ. కిటికీ అవతల, బస్తర్ కొండల నుంచి రైళ్ళలో దిగిన ఇనుప ఖనిజం ఎర్రటి గుట్టలుగా పోసి ఉంది. ఓడలు దానికోసం వరసకట్టి నిలబడ్డాయి. అది రెండు వేల ఒకటో సంవత్సరం, అక్టోబరు నెల.

"ఆ గుట్టలు రాకుండా చెయ్యాలని చూస్తున్నారు," అన్నాడు చీఫ్. "ఒక విదేశీ సిండికేట్. ఖనిజం ముందే కొని దాచుకుంది. మన రైలు లైను మూతపడితే ధర వాళ్ళిష్టం. వాళ్ళ మనిషి క్రోల్. బచేలీలో బంగళా అద్దెకు తీసుకుని సర్వే కన్సల్టెంట్‌నని బోర్డు పెట్టాడు. ఈ నెలలో ఏదో చేస్తారు. ఎక్కడ, ఎలా అన్నది తెలీదు. మాటలన్నీ ఇంటర్నెట్‌లోనే నడుస్తున్నాయి. టేపు పెట్టి లాభం లేదు. నువ్వు విన్నావుగా, ఉత్త ఉస్సు."

"లోపలికెళ్ళే దారి?"

"వాళ్ళే పిలుస్తున్నారు. బంగళాలో నాలుగు కంప్యూటర్లు, ఒక్క ఫోను లైను, ఒక్క మోడెం. నాలుగింటికీ ఇంటర్నెట్ పంచే సాఫ్ట్‌వేర్ పెట్టడానికి మెకానిక్ కావాలని ఇక్కడి కంప్యూటర్ షాపుకి కబురు చేశారు. ఆ షాపు నిన్నటి నుంచి మనది."

చీఫ్ ఒక టంకం కడ్డీ బల్లమీద పెట్టాడు. మామూలు చెక్క పిడి, నల్లబడిన మొన. "పిడి తిప్పితే ఒక్క గుండు పేలుతుంది. ఒక్కటే. దగ్గరనుంచి కాల్చు."

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒక ఆడమనిషి. క్రోల్‌కి ఇంటర్‌ప్రెటర్. అందరూ వారా మేడం అంటారు. అసలు పేరు వరహాలమ్మ. భాన్సీ దగ్గర రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. విమానాల్లో పనిచేసింది, దేశాలు తిరిగింది. వాళ్ళ సంగతులు మనకి అమ్ముతోంది. మన సంగతులు వాళ్ళకి అమ్మడం లేదని నేను హామీ ఇవ్వలేను. 'మీ ఊర్లో వాన పడిందేటి' అని అడుగుతుంది. 'ఉప్పు తడిసిపోయింది' అని చెప్పు."

*

బచేలీ స్టేషన్లో దిగిన మనిషి పేరు ఏలియా. సోడాబుడ్డి కళ్ళద్దాలు, నూనె కారే జుట్టు, మెళ్ళో చిన్న సిలువ, చేతిలో తీగచుట్టలు కుక్కిన రెక్సిన్ సంచి. నీలకంఠం నడక కూడా మారిపోయింది. ఎవరో పిలిచి తిడతారేమోనని భయపడుతున్నట్టు కాస్త ముందుకు వంగి నడిచాడు.

వానలు వెళ్ళిపోయినా కొండ తడిగానే ఉంది. గనుల నుంచి దిగిన దుమ్ము ఆకుల మీద, ఇంటికప్పుల మీద, ఆరేసిన బట్టల మీద ఎర్రగా పట్టింది. బంగళా ఊరికి కొంచెం పైన, దారి మలుపులో ఉంది. గేటు ఎదుట టెలిఫోన్ స్తంభం. స్తంభం మొదట్లో ఎవరో పెట్టిన బంతిపూలు వాడిపోయి ఉన్నాయి. ఏలియా వాటివైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు.

క్రోల్ పొడుగ్గా, మర్యాదగా, మెత్తని ఇంగ్లీషు మాట్లాడే మనిషి. పక్కనే ఒక కాపలావాడు. జీపు నడిపేది వాడే, తుపాకీ మోసేదీ వాడే. వంటకి సన్నే అనే స్థానిక అమ్మాయి వచ్చి వెళ్తుంది. వరండాలో కుర్చీలో వారా మేడం కూర్చుని ఉంది. ఆకుపచ్చ సిల్కు చీర, కత్తిరించిన జుట్టు, వేళ్ళమధ్య సిగరెట్టు. ఈ ఎర్ర దుమ్ములో ఆమె చీర మీద ఒక్క మరక లేదు.

"మెకానిక్‌కి ఇంగ్లీషు వచ్చా?" అడిగాడు క్రోల్.

"కంప్యూటర్ మాటలొచ్చు సార్," అన్నాడు ఏలియా. మిగతావి ఆమె తర్జుమా చేసింది.

పని మొదలైంది. హాల్లోని కంప్యూటర్‌కి మోడెం తగిలించాడు. తీగలన్నీ కలిసే హబ్ పెట్టె గోడకి బిగించాడు. దాన్నుంచి హాల్లోదానికొకటి, క్రోల్ ఆఫీసు గదికొకటి, వారా గదికొకటి తీగలు లాగాడు. నాలుగో తీగ వెనక గదికి వెళ్ళాలి. ఆ గదికి ఇనుప తలుపు, తాళం.

"గోడకి కన్నం ఉంది. తీగ లోపలికి తోసెయ్. ఆ చివర నేను తగిలించుకుంటాను," అన్నాడు క్రోల్.

"సెట్టింగులు పెట్టాలి సార్."

"ఏం నొక్కాలో చెప్పు. నేను నొక్కుతాను."

ఏలియా తలుపు బయట నిలబడి ఒక్కో అంకే చెప్పాడు. లోపలినుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. క్రోల్ బయటికొచ్చి తలుపు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడిది ఎలా పనిచేస్తుందో చెప్పు."

"హాల్లో కంప్యూటర్లో ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ వేశాను సార్. మిగతా మూడూ ఏ పేజీ కావాలన్నా దీన్నే అడుగుతాయి. ఇదే బయటికెళ్ళి తెచ్చిస్తుంది. బయటవాళ్ళకి మాత్రం ఒక్క కంప్యూటరే ఉన్నట్టు కనిపిస్తుంది."

"గదుల్లో మనుషులెవరూ లేకపోతే?"

"మనుషులక్కర్లేదు సార్. ఏ కంప్యూటర్ అడిగినా మోడెం తనంతట తనే డయల్ చేసుకుంటుంది."

క్రోల్ మొహంలో మొదటిసారి తృప్తి కనిపించింది. ఏలియా తెర మీద మరో పెట్టె తెరిచి చూపించాడు. "ఇక్కడ లైను బాగా స్లో సార్. అందుకని ఒకసారి తెచ్చిన పేజీని ఇది దాచుకుంటుంది. మళ్ళీ అదే అడిగితే బయటికెళ్ళకుండా దాచిందే ఇస్తుంది. టైము కలిసొస్తుంది."

"వద్దు," అన్నాడు క్రోల్ వెంటనే. "దాచిపెట్టిన పాత పేజీ నాకొద్దు. అడిగిన ప్రతిసారీ కొత్తది తేవాలి. అది తీసెయ్."

ఏలియా తీసేశాడు. క్రోల్ వెనకనుంచి చూసి, తీసేశాడని రూఢి చేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వరండాలో తీగలు చుడుతుంటే వారా వచ్చి గోడని ఆనుకుని నిలబడింది. సిగరెట్టు పొగ వదిలి, ఎటో చూస్తూ అంది.

"మీ ఊర్లో వాన పడిందేటి?"

"ఉప్పు తడిసిపోయింది."

ఆమె నవ్వలేదు. "శుక్రవారం. భాన్సీ దాటాక వాగు మీద పెద్ద వంతెన ఉంది. దాన్ని లేపేస్తారు. ఆర్డరు బయటిదేశం నుంచి మెయిల్లో వస్తుంది. ఎక్కడో హోటల్లో బేరాలు నడుస్తున్నాయట. ఖనిజం కొనేవాళ్ళు వీళ్ళ ధరకి దిగొస్తే వంతెన జోలికి వెళ్ళరు. దిగిరాకపోతే మధ్యాహ్నం ఖాళీ వ్యాగన్ల బండి దాటాక పేలుస్తారు. మనుషులెవరూ పోరు. నేనా మాట తీసుకున్నాకే వాళ్ళకి పనిచేస్తున్నాను."

"బుధ్రా పోయాడుగా?"

ఆమె సగం కాలిన సిగరెట్టు నేలమీద నలిపేసింది. "అది నాకు తెలీదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

అబద్ధం చెప్పేవాళ్ళని నీలకంఠం చాలామందిని చూశాడు. అలవాటుపడినవాళ్ళు కళ్ళలోకి చూసి చెబుతారు. ఆమె అలవాటుపడిన మనిషే. అయినా గేటు ఎదుటి టెలిఫోన్ స్తంభం వైపు చూసి చెప్పింది.

*

లైను నిలకడగా ఉందో లేదో చూడాలన్న నెపంతో అతను బంగళాలోనే ఉండిపోయాడు. కాపలావాడు గేటు దాటనివ్వలేదు, ఫోను ముట్టుకోనివ్వలేదు; చీఫ్‌కి కబురు పంపే వీలు దొరకలేదు. హాల్లోని కంప్యూటర్ తెర మీద ప్రాక్సీ కిటికీ తెరిచి ఉంచితే, ఏ గది నుంచి ఏ పేజీ అడిగారో ఒక్కో వరసగా పాకుతూ కనిపిస్తుంది. క్రోల్ ఖనిజం ధరలు చూసేవాడు. వారా గది నుంచి పారిస్‌లో ఇళ్ళ అద్దెల పేజీలు వచ్చేవి. నాలుగో కంప్యూటర్ మాత్రం గురువారమంతా ఒక్కసారీ నోరు విప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే క్రోల్ తెల్ల కోటు వేసుకుని బయల్దేరాడు. గెస్ట్‌హౌస్‌లో గనుల ఆఫీసర్లతో బ్రేక్‌ఫాస్టట. కాపలావాడు జీపు తీశాడు.

"లైను చూస్తూ ఉండు, మెకానిక్. హాలు వదిలి కదలకు," అన్నాడు క్రోల్ వెళ్తూ.

జీపు చప్పుడు కొండ దిగిపోయింది. అప్పుడు తెర మీద ఒక వరస కదిలింది.

నాలుగో కంప్యూటర్ మేలుకుంది. ఒక మెయిల్‌బాక్స్ అడిగింది. ప్రాక్సీ వెళ్ళి తెచ్చిచ్చింది. కొద్దిసేపటికి మళ్ళీ అదే అడిగింది. కొద్దిసేపటికి మళ్ళీ. ప్రతిసారీ మధ్య ఎడంలో తేడా లేకుండా, గడియారంలో ముల్లు నడిచినట్టు.

నీలకంఠం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

వెనక గదిలో మనిషి లేడు. మనిషైతే అలా అడగడు. ఒకసారి ముందు అడుగుతాడు, ఒకసారి విసుగొచ్చి ఆగుతాడు. అడుగుతున్నది యంత్రం. లేచి వెనక కిటికీలోంచి చూశాడు. ఇనుప తలుపు గది కప్పు నుంచి ఒక సన్నని రాగి తీగ పక్కనున్న ఇప్పచెట్టు కొమ్మల్లోకి పోయింది. రేడియో ఏరియల్.

అంతా ఒక్కసారి అర్థమైంది. ఆర్డరు చదివేది క్రోల్ కాదు. ఆ కంప్యూటరే చదువుతుంది. చదివి రేడియోకి చెబుతుంది. రేడియో వంతెన కింది మందుగుండుకి చెబుతుంది. అప్పటికి క్రోల్ ఆఫీసర్ల మధ్య కూర్చుని బ్రెడ్డుకి వెన్న రాసుకుంటూ ఉంటాడు. ఆ గదికి ఇన్నాళ్ళూ లేనిది బయటి ప్రపంచంతో సంబంధం ఒక్కటే. దాన్ని తెచ్చి కలిపింది తను. బుధ్రాని చంపినవాళ్ళకి తన చేతులతో, తన స్క్రూడ్రైవరుతో పని పూర్తిచేసి పెట్టాడు.

వెనకనుంచి వారా గొంతు వినిపించింది. "ముందు తలుపుకి బయట తాళమేసి ఉంది. ఏం సంగతి?"

"సన్నే ఏది?"

"ఇవాళ రావద్దన్నాడు."

"పొద్దున్న క్రోల్ మీకేం పని చెప్పాడు?"

"ఏమీ లేదు. భాన్సీ స్టేషనుకి ఫోన్ చేసి ప్యాసింజరు వేళకి వస్తోందో లేదో కనుక్కోమన్నాడు. జనం బండి ముందు వెళ్ళిపోవాలి కదా, అందుకు."

"మధ్యాహ్నం పేల్చేవాడికి పొద్దుటి ప్యాసింజరుతో పనేంటి?" అన్నాడు నీలకంఠం. "మీరు ఫోన్ చేశాకే ఈ కంప్యూటర్ని లేపి వెళ్ళాడు. ఖాళీ వంతెన పడితే రెండు వారాల్లో కట్టేస్తారు. జనంతో నిండిన బండి పడితే ఈ లైను మీద నెలల తరబడి చక్రం తిరగదు. నేరం అడవిలోవాళ్ళ మీద పడుతుంది. ఈ బంగళాలో కంప్యూటర్, రేడియో, ఇద్దరు తెలుగువాళ్ళ శవాలు దొరికితే మన మీద కూడా పడుతుంది."

ఆమె నోరు తెరిచినప్పుడు పారిస్ లేదు, విమానాల ఇంగ్లీషు లేదు. భాన్సీ రైల్వే లైను పక్కన పెరిగిన పిల్ల మాటొచ్చింది.

"మాయమ్మ ఆ బండిలోనే ఉన్నాది. ఇజీనారం ఎళ్తన్నాది. టిక్కెట్టు నానే తీసినాను."

గడియారం చూశాడు. బండి భాన్సీ దాటేసి ఉంటుంది. వంతెన దాకా ఇక స్టేషను లేదు, ఆపే నాథుడు లేడు. అతని చెయ్యి మోడెం తీగ మీదికి వెళ్ళింది.

"వద్దు," అని ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "లైను తెగితే ఆ రేడియో మూగబోతాది. క్రోల్ చెప్తుంటే విన్నాను. వంతెన అవతల వాళ్ళ మనిషొకడు కూకున్నాడు. రేడియోలో టిక్కు టిక్కుమని ఇనిపించినంతసేపూ ఊరుకుంటాడు. అదాగిపోతే పట్టుబడిపోనామని అర్థం. చేత్తోనే పేల్చేస్తాడు."

లైను తెంపకూడదు. ఆర్డరు చేరకూడదు. నాలుగో కంప్యూటర్ అడుగుతూనే ఉండాలి, జవాబు వస్తూనే ఉండాలి. ఆ జవాబులో మాత్రం ఏమీ ఉండకూడదు.

నీలకంఠం కుర్చీలో కూలబడి ప్రాక్సీ సెట్టింగుల్లోకి వెళ్ళాడు. క్రోల్ తీయించేసిన పెట్టె అక్కడే ఉంది. తెచ్చిన పేజీ దాచుకో. దాచినది ఉంటే బయటికెళ్ళకు. రెండు చోట్లా గుర్తు పెట్టాడు. ఇంకా ఒక్క అడుగు కావాలి. ఖాళీ మెయిల్‌బాక్స్ పేజీ ఒక్కసారి ఈ కంప్యూటర్ చేతిలో పడాలి. ఆర్డరు రాకముందే పడాలి.

సేవ్ నొక్కాడు. తెర మీద ఇసక గడియారం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పాత యంత్రం.

"ఏటైంది?" అంది వరహాలమ్మ.

"ఆగు."

ఇసక గడియారం మాయమైంది. నాలుగో కంప్యూటర్ మళ్ళీ అడిగింది. ప్రాక్సీ బయటికెళ్ళింది. మోడెం దీపాలు మినుకుమినుకుమన్నాయి. పేజీ ముక్కలు ముక్కలుగా దిగింది. ఖాళీ పేజీ. కొత్త మెయిల్ లేదు. అది దాచుకుని, వెనక గదికి ఇచ్చింది.

అతను తెర మీది వరసలో కనిపించిన అడ్రసుతో, దాచిన పేజీ జోలికి పోకుండా, అదే మెయిల్‌బాక్స్ తెరిచి చూశాడు. అప్పుడే ఒక మెయిల్ వచ్చి పడింది. అందులో ఒక్క మాట. గో.

వెనక గది కంప్యూటర్ అడిగింది. హాల్లోని కంప్యూటర్ పాత ఖాళీ పేజీ ఇచ్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే ఇచ్చింది. మనిషైతే అనుమానపడేవాడు. యంత్రం పడలేదు.

ఇద్దరూ తెరకేసి చూస్తూ నిలబడ్డారు. ఎక్కడో కొండల అవతల ఎనిమిది పెట్టెల బండి వంతెన వైపు వెళ్తోంది. అందులో కిటికీ సీట్ల కోసం తగువులాడుకుంటున్న పిల్లలుంటారు, సద్దిమూటలు విప్పుతున్నవాళ్ళుంటారు.

"బుధ్రా సంగతి క్రోల్‌కి నానే సెప్పినాను," అంది ఆమె తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "బెదిరించి పంపేస్తాడనుకున్నాను. నీ గురించి కూడా సెప్పేద్దును. సోమారం దాకా ఆగి రేటు పెంచుదామనుకున్నాను."

ఆ క్షణాన నీలకంఠానికి ఆమెని చంపెయ్యాలనిపించింది. చెయ్యి టంకం కడ్డీ మీదే ఉంది.

అప్పుడు జీపు చప్పుడు వినిపించింది.

పేలుడు వినిపించకపోయేసరికి క్రోల్ బ్రేక్‌ఫాస్టు వదిలేసి వచ్చేశాడు. కాపలావాడిని గేటు దగ్గర వదిలి, తాళం తీసి ఒక్కడే లోపలికొచ్చాడు. చేతిలో పిస్తోలుంది. కళ్ళద్దాలు లేకుండా, నిటారుగా నిలబడ్డ మెకానిక్‌ని ఒక్క చూపు చూశాడు. ఏం జరిగిందో అడగలేదు. తిన్నగా వెనక గదికి వెళ్ళి ఇనుప తలుపు తెరిచాడు.

గదిలో రేడియో పెట్టె, దాని ముందు ఇత్తడి మీట. కంప్యూటర్ మాట వినకపోతే చేత్తో నొక్కడానికి. గోడవారన, శవాలు తగలబెట్టడానికి తెచ్చిన కిరోసిన్ డబ్బాలు.

నీలకంఠం కంటే ముందు వరహాలమ్మ పరిగెత్తింది. క్రోల్ చేతిని రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. పిస్తోలు పేలింది. ఆమె పట్టు వదల్లేదు. మళ్ళీ పేలింది. ఆకుపచ్చ చీర మీద ఎరుపు పరుచుకుంది.

నీలకంఠం టంకం కడ్డీ మొన క్రోల్ చెవి కింద ఆనించి పిడి తిప్పాడు.

క్రోల్ ముందుకు ఒరిగాడు. ఒరుగుతూ చెయ్యి చాచి మీట మీద పడ్డాడు. మనిషి బరువంతా దాని మీద దిగుతోంది. మీటకీ దాని కింది రాగి బిళ్ళకీ మధ్య బొటనవేలు దూరేంత సందుంది. నీలకంఠం తన కుడి బొటనవేలు అందులో పెట్టాడు.

ఎముక చిట్లిన చప్పుడు అతనికే వినిపించింది. అరవలేదు. రెండో చేత్తో శవాన్ని పక్కకి నెట్టి, మీట పైకి లేచాక వేలు తీసుకున్నాడు. గేటు దగ్గరి కాపలావాడు పేలుళ్ళు విని లోపలికి రాలేదు. చంపాల్సిన ఇద్దరి పనీ అయిపోయిందనుకుని ఉంటాడు. జీపుకి ఆనుకుని బీడీ కాల్చుకుంటున్నాడు.

రేడియో గరగరలాడింది. హిందీలో ఒక గొంతు.

"సాబ్. గాడీ నికల్ గయీ. పూరీ నికల్ గయీ. క్యా కరూఁ?"

బండి దాటిపోయింది. మొత్తం దాటిపోయింది. ఇప్పుడేం చెయ్యాలని అడుగుతున్నాడు. నీలకంఠం మైకు దగ్గరికి వంగి, క్రోల్‌కున్న మెత్తని యాసలో, క్రోల్‌కున్న వచ్చీరాని హిందీలో, పని రద్దయింది, అన్నీ వదిలేసి బంగళాకి వచ్చెయ్యమన్నాడు.

"కామ్ కేన్సిల్. సబ్ ఛోడో. బంగ్లా వాపస్ ఆవో."

"జీ సాబ్."

వరహాలమ్మ గోడకి జారగిలబడి ఉంది. అతను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బండి?"

"దాటింది."

ఆమె తల ఆడించింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు కిందికి దించింది. "బుధ్రా పెళ్ళానికి..." అని ఆగింది. ఏం చెప్పమంటుందో అతను ఎదురుచూశాడు. "ఒద్దు. ఏటీ సెప్పకు. మాయమ్మక్కూడా."

అవే చివరి మాటలు.

క్రోల్ పిస్తోలు తీసుకుని వెళ్ళి గేటు దగ్గరి కాపలావాడి చేతులు కట్టేశాడు నీలకంఠం. తర్వాత హాల్లోకి వచ్చి మోడెం తీగ పీకి, ఆ లైనుకి ఫోన్ తగిలించి విశాఖపట్నం నంబరు తిప్పాడు. ఎడమచేత్తో తిప్పడం కష్టమైంది.

చీఫ్ అంతా విన్నాడు. "పోలీసుల్ని వంతెనకీ, అక్కణ్ణించి వచ్చేవాణ్ణి పట్టుకోడానికి బంగళాకీ పంపిస్తాను. వెనక వచ్చే బళ్ళన్నీ ఆపుతారు. ప్యాసింజర్ని దంతెవాడలో నిలబెట్టి పెట్టెల అడుగు వెతుకుతారు. కాగితాల్లో క్రోల్ గుండెజబ్బుతో పోయాడు. ఆమె..." కాగితం తిప్పిన చప్పుడైంది. "ఆమె పేరు మన దగ్గర లేదు. వాళ్ళ దగ్గరా లేదు. గుర్తు తెలియని మహిళ."

"ఆమెకి తల్లి ఉంది సార్."

"ఏలియా అనే మెకానిక్‌కి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు," అన్నాడు చీఫ్, ఫోన్ పెట్టేశాడు.

*

మధ్యాహ్నానికి దంతెవాడ స్టేషన్లో ప్యాసింజరు ఇంకా నిలబడే ఉంది. జనం దిగి చెట్లకింద, నీళ్ళ కుళాయి చుట్టూ చేరారు. పోలీసులు పెట్టెల కింద అద్దాలు పెట్టి చూస్తున్నారు. అడిగితే ఒకరికి చెకింగ్ అంటున్నారు, ఇంకొకరికి రిపేరంటున్నారు.

నీలకంఠం కట్టుకట్టిన చేతిని జేబులో పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నడిచాడు. ఎందుకొచ్చాడో అతనికే సరిగ్గా తెలీదు. వెతకాల్సిన పని పడలేదు. సిమెంటు బల్లమీద, పక్కన చింతపండు బుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలామెని మొహం చూడగానే పోల్చుకున్నాడు. అవే కళ్ళు, అదే గడ్డం.

"కూకో బాబూ," అని ఆమె బుట్ట జరిపింది. "నువ్వు రైల్వే వోడివేటి?"

"కాదమ్మా. కంప్యూటర్లు బాగుచేస్తాను."

"అలాగా. నా పేరు పోలమ్మ. మా ఆయన ఈ లైన్లోనే గ్యాంగ్‌మన్ సేసి పోనాడు." ఆమె పోలీసుల వైపు గడ్డం ఎగరేసింది. "పొద్దుట్నించీ ఇక్కడే కూకోబెట్టేసినారు. ఎనకాల వంతెనకి ఏదో రిపేరంట. దాటొచ్చేసిన వంతెనకి రిపేరైతే ముందుకెళ్ళే బండిని ఆపడవేటి? ఈళ్ళకి బుర్ర నేదు. నా సెల్లెలి మనవరాలికి పేరు పెట్టేత్తారు, నానెళ్ళకుండానే."

ఆమె బుట్టలోంచి ఒక చింతపండు ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఎడమచేత్తో అందుకుంటే, దెబ్బ తగిలిందా అని అడిగింది. తలుపు సందులో పడిందని చెప్పాడు.

"మా వరాలు ఉంటే ఈ టేసన్ మాస్టర్ని నాలుగు కడిగీసును," అంది పోలమ్మ. "బచేలీలో పెద్ద దొర దగ్గర పనిసేస్తంది. ఇంగిలీషులో మాటాడతాది. ఉండు, ఆ గదిలో ఫోనుంది కదా, దానికి ఫోన్ సేసి సెప్తాను."

ఆమె లేవబోయింది. నీలకంఠం తొందరగా అన్నాడు. "ఇవాళ లైను కలవదమ్మా. బచేలీ లైను పోయింది."

పోలమ్మ అతనికేసి జాలిగా చూసి, మళ్ళీ కూర్చుంది.

"ఎప్పుడు కలిసిందిలే," అంది. "మీ కంప్యూటర్లొచ్చాక మరీ పాడైపోనాది."